ఎర్ర నూలు ముడి

ముడిది తప్పేం లేదు. ముడి తన పని తాను చేసింది. తడిస్తే బిగుసుకోవడం దాని పని. లాగినా ఊడకపోవడం దాని పని. అవ్వ నేర్పిన ముడి అలాగే ఉంటుంది మరి. తనను నూలుకు కట్టారా, కాలికి కట్టారా అన్నది ముడికేం తెలుస్తుంది? తెలియాల్సింది వేళ్ళకు. వేళ్ళకు కూడా కాదు. ఆ వేళ్ళు ఎవరివో ఆ మనిషికి…

"ఆండాళూ!"

ఆండాళు ఉలిక్కిపడింది. ఐదో తరగతి పిల్లలంతా ఆమె వైపే చూస్తున్నారు.

"లేచి నిలబడు బిడ్డా," అంది లీలమ్మ టీచరమ్మ. "నిన్న ఈ పిల్ల లేకుంటే పాపం ఆ తీతువు పిల్ల కాలు పోయేదట. సారు ఇప్పుడే చెప్పిండు. అందరు చప్పట్లు కొట్టున్రి!"

చప్పట్లు వడగళ్ళలా మీద పడ్డాయి. ఆండాళు తల వంచుకుంది. సిగ్గుపడుతోందనుకుని టీచరమ్మ నవ్వింది.

టీచరమ్మ పక్కన పర్వతాలు సారు నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, భుజానికి గుడ్డసంచి, మెడలో దుర్బీను. నాలుగు రోజుల కింద చిట్యాల దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి సైకిలు తొక్కుకుంటూ ఈ ఊరొచ్చాడు. బడి వసారాలోనే మకాం. అడవుల శాఖలో ఆయనకు ఉద్యోగం. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు ఎక్కడ పెట్టాయి, ఎన్ని పిల్లలయ్యాయి, అందులో ఎన్ని బతికాయి, అన్నీ పుస్తకంలో రాసుకుంటాడు. వచ్చిన రోజే పిల్లలు ఆయనకు పిట్టల సారని పేరు పెట్టేశారు.

మొదటిరోజు గొర్రెల కాపరి ఐలేశం కొడుకు సైదులు అందరికంటే ముందు లేచి అడిగాడు.

"పిట్టలను జూస్తే జీతమిస్తరా సార్?"

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు.

"ఉత్తగ జూస్తే ఎవ్వలిస్తరు? జూసింది జూసినట్టు రాయాలె. గందుకిస్తరు."

"గొర్లు గాసెటోళ్ళు గుడ చెయ్యొచ్చా?"

"మరి నేనెవర్ననుకున్నవ్? మాది కొత్తకోట దిక్కు. నీ అంతున్నప్పుడు అరవై గొర్లు గాసిన. మా తాతకు పేరు పెట్టి పిలవని పిట్ట లేదు. ఆయన పుణ్యమే గీ నౌకరి."

"ఆడపిల్లలు?" అని ఆండాళు నోట్లోంచి మాట జారింది.

సారు కాసేపు ఆలోచించాడు. "మా దాంట్ల ఇప్పటికైతే ఎవ్వలు లేరు," అన్నాడు. "నువ్వు మొదలు వెట్టు."

ఆ మాట ఆండాళు లోపల దీపంలా వెలుగుతూ ఉండిపోయింది. మర్నాడు ఆయన "తీతువు పిట్ట గూడు ఎవరికైనా తెలుసా?" అని అడిగితే, చెయ్యి అందరికంటే పైకెత్తింది ఆమే.

నిన్న సాయంత్రం సారును గుట్ట కిందికి తీసుకుపోయింది కూడా ఆమే.

అక్కడే చూసింది. నాలుగు పిల్లల్లో ఒకటి ఒంటికాలి మీద గెంతుతోంది. రెండో కాలు ఉబ్బి వంకాయ రంగుకు తిరిగింది. ఆ వాపు మధ్యలో సన్నగా, లోతుగా ఒక ఎర్రగీత. నూలు.

ఆ నూలు కట్టింది ఎవరో ఆండాళుకు తెలుసు.

* * *

ఆండాళు వాళ్ళది చిటికి పని చేసే ఇల్లు. నేయడానికి ముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆరాక ముళ్ళు విప్పితే తెల్లటి పువ్వులు బయటపడతాయి. ముడి కాస్త వదులైనా రంగు లోపలికి పాకుతుంది, పువ్వు చెడుతుంది. అందుకే ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు ముడి వస్తుంది. ఆండాళు ముడిని రంగుబానలో ఎన్నిసార్లు ముంచినా కదలదని వాడంతా చెప్పుకుంటారు.

మూడు వారాల కింద, తొలి వాన పడిన మర్నాడు, ఆమె పుల్లలేరడానికి గుట్ట కిందికి వెళ్ళింది. అప్పుడు కనబడ్డాయి పిల్లలు. ఎండిన గడ్డి రంగు, మీద నల్లచుక్కలు. రాళ్ళ మధ్య రాళ్ళలాగే ఉన్నాయి. తల్లిపిట్టా తండ్రిపిట్టా నెత్తిమీద తిరుగుతూ అరిచాయి. ఆండాళు ఒక పిల్లను దోసిట్లోకి తీసుకుంది. అది కదల్లేదు. కళ్ళు మాత్రం నల్లగా మెరిశాయి.

'నేనంటే ఇష్టం దీనికి,' అనుకుంది.

నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. రేపొస్తే తన పిల్ల ఏదో ఎలా గుర్తుపట్టాలి? రంగుకు పంపే నూలుకట్టలకు, ఎవరివి వాళ్ళకు తెలియాలని, ప్రతి ఇంటివాళ్ళూ ఒక గుర్తుపోగు కడతారు. లంగా కొసకు వేలాడుతున్న ఎర్ర నూలు తెంపి, ఆండాళు కూడా అలాగే కట్టింది. అవ్వ నేర్పినట్టు, వెంట్రుక కూడా దూరకుండా కట్టింది.

మూడు నాలుగు రోజులు వెళ్ళి చూసింది. ఆ తర్వాత బడి తెరిచారు, ఇంట్లో పని ఎక్కువైంది. పిట్టపిల్ల మనసు అడుగుకు జారిపోయింది. కాలు మాత్రం పెరుగుతూ ఉంది. నూలు పెరగదు.

నిన్న సారు పిల్లను పట్టుకుని, చిన్న కత్తెర తీశాడు. కత్తెర మొన దూరడానికి సందు లేదు. సన్నటి వాన తుంపర పడుతోంది. తల్లిపిట్ట గొంతు చించుకుంటూ వాళ్ళ మీదికి దూకుతోంది.

"గట్టిగ వెడితే నరం తెగుతది," అని సారు గొణిగాడు. ఆయన చెయ్యి వణికింది.

"కొయ్యకున్రి సార్. నేను ఇప్పుత."

తడి ముడి రాదు. ఆండాళు పిల్లను లంగా అంచు చాటున దాచి, ముడి మీద నోటితో ఊదింది. ఊది ఊది ఆరబెట్టింది. అప్పుడు గోటితో ముడి వెనక దాగిన చిన్న కొసను నొక్కి, కిందికి లాగింది. రంగు వేశాక విప్పడం కోసమని ఆ కొసను ఆండాళు ఇంట్లో అలా దాస్తారు. నూలు వాపులోంచి మెల్లగా, చుట్టు తర్వాత చుట్టుగా, బయటికి వచ్చింది. పిల్ల కాలివేళ్ళు ఒక్కసారి విచ్చుకున్నాయి.

సారు టింక్చర్ అద్ది నేల మీద వదిలాడు. అది గెంతుకుంటూ రాళ్ళలో కలిసిపోయింది. తల్లి అరుపు ఆగింది.

"ఎంత సక్కటి చెయ్యి బిడ్డా నీది!" అన్నాడు సారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. "ఎవరో పోరగాండ్లు కట్టిన్రు. నువ్వు గిన లేకుంటే ఏమయ్యేదో."

అప్పుడే చెప్పాలి. ఆ నిమిషం గడపంత ఎత్తు ఉంది, దాటితే దాటొచ్చు. ఆండాళు దాటలేదు. తర్వాతి నిమిషం అరుగంత అయింది. రాత్రికి గోడంత అయింది. ఇప్పుడు క్లాసులో, చప్పట్ల మధ్య, గుట్టంత అయింది.

* * *

చప్పట్లు ఆగాక సారు జేబులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచాడు. లోపల ఎర్ర నూలు ఉంది.

"ఇది ఎవరు కట్టిన్రో ఎవరికన్న ఎరుకేనా?" అని అడిగాడు. "కొట్టనీకి అడుగుతలేను. ఎట్లయిందో నా పుస్తకంల రాయాలె. రాస్తే ఇంకో ఊర్ల ఇంకో పిట్టకు గిట్ల గాకుండ జూస్తం."

అంతలో వెనక వరసలోంచి మంజులత లేచింది.

"సార్, సైదులు! గొర్రెపిల్లల మెడకు ఎర్రదారం కడ్తడు. నేను జూసిన!"

అందరూ సైదులు వైపు తిరిగారు.

"నేను గాదు!" అన్నాడు సైదులు. "కడ్త, గొర్రెపిల్లలకు కడ్త. గది గుడ రెండేళ్ళు పట్టేటంత వదులుగ కడ్త. పెరిగే మెడకు గింత బిగ్గర ఎవడన్న కడ్తడా?"

"దొంగకు మాటలెక్కువ," అని ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వు.

"నవ్వుతరేందిరా? నేను గాదంటున్న గద!" సైదులు చెవులు ఎర్రబడ్డాయి.

"గొడవ చెయ్యకు, కూసో," అంది టీచరమ్మ. తర్వాత సారుతో నెమ్మదిగా, "రేపు పొద్దున గుట్ట కాడికి ఈ ఇద్దర్ని వెంట తీస్కపోత అన్నరు గద. సైదులు సంగతి జర ఆలోచించున్రి," అంది.

ఆ ఊళ్ళో పిట్టలను చూసి రాసే పనికి సారు ఎంచుకున్నది ఇద్దరినే. ఒకరు ఆండాళు. ఇంకొకరు సైదులు. సారు అగ్గిపెట్టె మూసి జేబులో పెట్టుకున్నాడు.

సైదులు ఆండాళు వైపు చూశాడు. నువ్వైనా చెప్పవా అన్నట్టు. గూడు చూపించింది ఆమే కదా, పిల్లలన్నీ ఆమెకు తెలుసు కదా.

ఆండాళు పలక మీద లేని గీతను తుడుస్తూ కూర్చుంది.

* * *

సాయంత్రం సారు వాళ్ళింటికే వచ్చాడు. మగ్గం గుంటలో కూర్చున్న బాపు భిక్షపతి, పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపి తల ఎత్తాడు.

"రాండ్రి సారూ, రాండ్రి. ఆండాళూ, సారుకు మంచినీళ్ళియ్యి."

"కూసునే పని లేదన్నా. నూలు గురించి ఎరుకున్నోళ్ళకు ఒకపారి జూపెడ్దామని వచ్చిన." సారు అగ్గిపెట్టె తెరిచాడు. "గీ నూలు ఎసుంటిది? ముడి విప్పినా వంకర పోలే."

ఆండాళు చేతిలో చెంబు తొణికింది.

"నాకంటె మా అమ్మకే బాగెరుక," అన్నాడు బాపు.

అవ్వ నర్సింగమ్మకు చూపు సరిగా ఆనదు. కళ్ళ పని ఎప్పటినుంచో వేళ్ళే చేస్తున్నాయి. నూలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని మెల్లగా జరిపింది. వంకరలున్న చోట ఆగింది. ఇంకోసారి జరిపింది. రెండు చుట్లు, ఒక మడత, వెనక్కి దాచిన కొస. ఆ కొసను ఎడమకు దాచేది ఊళ్ళో ఒక్క ఇల్లే.

అవ్వ తల ఎత్తలేదు. చెంబు పట్టుకుని నిలబడ్డ ఆండాళు వైపు ముఖం మాత్రం కొంచెం తిప్పింది.

"నూలు మంచిదే కొడుకా," అంది. "ముడి గుడ మంచిగనే వేసిన్రు. జాగనే తప్పు."

"ఎవలు కట్టిన్రో చెప్పవశమైతదా అవ్వా?"

"ముడికి నోరుంటదా కొడుకా? ఉన్నోళ్ళు చెప్పాలె." అవ్వ నూలును అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చేసింది. "జొన్నరొట్టె తిని పోరాదు?"

సారు రొట్టె తిని, నవ్వి, సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు. రేపు పొద్దున్నే తయారుగా ఉండమని ఆండాళుకు చెప్పాడు.

ఆయన సైకిలు గంట వీధి మలుపులో వినబడకుండా పోయాక ఆండాళు అవ్వ పక్కన కూర్చుంది. అవ్వ తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండు. తిట్టు అయిపోతుంది.

అవ్వ ఆమె కుడిచెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది.

"నీకు ముడి నేర్పినప్పుడు ఆరేండ్లు," అంది. "బిగ్గర కట్టు బిగ్గర కట్టు అని దినాం చెప్పిన. ఎక్కడ కట్టొద్దో ఒక్కనాడు చెప్పలే. గది నా మరుపు బిడ్డా."

ఆండాళుకు ఏడుపు వచ్చింది. శబ్దం లేకుండా వచ్చింది.

"అది కదలకుంటె… నేనంటె ఇష్టమనుకున్న అవ్వా."

"భయంతోటి బుగులు గొన్నది గుడ గట్లనే కదలకుంటది," అంది అవ్వ. "నువ్విప్పుడు కూసున్నట్టు."

బాపు మగ్గం మళ్ళీ టకటకమంటోంది.

"కట్టింది నీ చెయ్యే. ఇప్పింది గుడ నీ చెయ్యే," అంది అవ్వ చివరికి. "రెండూ యాదుంచుకో. ఒక్కటే యాదుంచుకుంటె మనిషి ఒక పక్కకు ఒరుగుతడు."

ఏం చెయ్యాలో అవ్వ చెప్పలేదు. ఆ చెప్పకపోవడం ఎంత పెద్ద మర్యాదో ఆండాళుకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. కానీ అవ్వ అరచేతి వెచ్చదనం చాలాసేపు ఆమె వేళ్ళ మీద నిలిచింది.

* * *

ఆదివారం పొద్దున గుట్ట కింద గడ్డి తడితడిగా ఉంది. దూరంగా, బండల అవతల, సైదులు గొర్రెలు మేపుతున్నాడు. గొంగడి నెత్తిన వేసుకుని అటు తిరిగి నిలబడ్డాడు. వీళ్ళను చూశాడు, కానీ చూడనట్టే ఉన్నాడు.

"సైదులూ! రారాదు!" అని సారు కేకేశాడు.

"గొర్లున్నయి సార్!" అని వచ్చింది జవాబు. మొన్నటిదాకా గొర్రెలను వదిలేసి ఆయన వెనక పరుగెత్తినవాడే.

సారు నిట్టూర్చి, ఒక బండ వెనక కూర్చుని దుర్బీను కళ్ళకు పెట్టుకున్నాడు. పుస్తకం, పెన్సిలు ఆండాళు చేతికిచ్చాడు.

"పట్టుకో. పిల్ల కనబడితే చెప్త, రాద్దువు."

పుస్తకంలో ప్రతి పిట్టకూ ఒక వరస. ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది, కారణం. చివరి పేజీలో చివరి వరస తీతువు పిల్లది. 'ఎడమ కాలికి నూలు. వాపు. విప్పడమైనది.' కారణం దగ్గర ఖాళీ.

ఆ ఖాళీని చూడలేక ఆండాళు పేజీలు వెనక్కి తిప్పింది. ఎన్నో ఊళ్ళు. ఎన్నో పిట్టలు. కౌజులు, నెమళ్ళు, పేరు తెలియనివి. ఒకచోట గుడ్లను పాము తిన్నది. ఒకచోట వాన ముంచింది. ఒకచోట కుక్క. ఇంకా వెనక్కి తిప్పింది.

'బట్టమేక పిట్ట. గుడ్డు ఒక్కటే. పగిలిపోయింది. కారణం: నేను చూసుకోకుండా కాలు వేశాను. పర్వతాలు.'

ఆండాళు ఆ వరసను రెండుసార్లు చదివింది. తలెత్తి సారును చూసింది. చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. బండకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, పిట్టపిల్ల కోసం వెతుకుతున్నాడు. గుడ్డు తొక్కిన మనిషి. తొక్కానని రాసుకున్న మనిషి. అయినా మొన్న చెయ్యి వణికేంత ప్రేమ ఉన్న మనిషి. ఆ వరస చదివాక కూడా ఆయన ఆమె కళ్ళకు ఒక్క వేలెడు కూడా చిన్నగా కనబడలేదు.

"అగో!" అన్నాడు సారు గుసగుసగా. "అగో బిడ్డా, జూడు!"

దుర్బీను ఆమె కళ్ళకు పెట్టాడు. మొదట మసక. తర్వాత గడ్డి. తర్వాత ఒక్కసారిగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, పసుపుపచ్చటి సన్నని కాళ్ళు. తల్లి ముందు నడుస్తోంది. వెనక మూడు పిల్లలు. వాటి వెనక నాలుగోది. కుడికాలు వేసింది. ఆగింది. ఎడమకాలు మెల్లగా దించింది, కొంచెం ఆనించింది, ఇంకొంచెం ఆనించింది. దాని మీద నిలబడింది. తర్వాత కుంటుతూ తల్లి వెనక పోయింది.

"బతికినవ్ తల్లీ," అన్నాడు సారు ఆ పిల్లతో. రెండు చేతులూ జోడించాడు. తర్వాత ఆండాళు వైపు తిరిగాడు. "నీ పుణ్యం బిడ్డా. గీ పిల్ల రేపు ఎగిరిన ప్రతిసారి నిన్ను తల్చుకుంట."

ఈసారి ఆ మాట ఆమె మీద వడగల్లులా పడలేదు. ఆయన మీద, అవ్వ మీద, తన తప్పును మోసుకుంటూనే నడిచిపోయిన ఆ చిన్న పిట్ట మీద, చెప్పలేనంత కృతజ్ఞత కలిగింది. ఇంత మంచివాళ్ళ మధ్య ఆ ఖాళీని అలా ఉంచడం ఇక వీలు కాదు.

"సార్," అంది. "జర నేను రాస్త."

బండ మీద పుస్తకం పెట్టుకుంది. పెన్సిలు మొద్దుగా ఉంది. అయినా అక్షరం అక్షరం విడివిడిగా, బడిలో చూచిరాత రాసినట్టు రాసింది.

'కారణం: ఎర్ర నూలుతో బిగ్గర ముడి. మూడు వారాల కింద, నాది అని గుర్తుకు నేనే కట్టిన. భయంతో కదలకుంటే ఇష్టం అనుకున్న. సైదులు కట్టలేదు. ఆండాళు, ఐదో తరగతి.'

సారు ఆమె భుజం మీదుగా చదివాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టాడు, తీశాడు.

ఆండాళు పుస్తకం మూయలేదు. రెండు చేతులతో అలాగే తెరిచి పట్టుకుని, తడిగడ్డిలో నడిచి, గొర్రెల మధ్యలోంచి దారి చేసుకుంటూ బండల అవతలికి పోయింది.

సైదులు గొంగడి కిందనుంచి చూశాడు. "ఏంది?" అన్నాడు ముఖం గంటు పెట్టుకుని.

ఆండాళు ఆ వరస మీద వేలు పెట్టి, పుస్తకాన్ని అతని చేతుల్లో ఉంచింది.